మేస్త్రి మాట్లాడిన ఇంగ్లీషు

పుంగనూరులో ఇల్లు కట్టుకునేటప్పుడు వంటగట్టు మీద గ్రానైట్ పలక పరచడానికి ఒకాయన వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫోనులో ఇంటివాళ్ళతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడుతూ తన పని తాను చేసుకుంటున్నాడు. నేను నా అలవాటు ప్రకారం వెనకే నిలబడి కంగారు పడుతున్నాను. పలక పగులుతుందేమో, సింకు కోసం కోసిన చోటు వంకరగా వస్తుందేమో, అసలు ఈ రంగు తెచ్చి తప్పు చేశామేమో. మా ఆవిడ అప్పటికి రెండుసార్లు "ఆయప్పను రవ్వంత పని చేసుకోనీండి" అంది.

ఆయన పలక మీద చెంబెడు నీళ్ళు పోశాడు. గొంతుక్కూచుని, తడి ఆరేదాకా చూశాడు. అంతా ఆరినా ఒక మూల సన్నటి నల్లగీత మాత్రం ఆరకుండా మిగిలింది.

"సార్, ఈడ బేబీ లైన్ ఉండాది. ఈ కొన స్టవ్వు పక్కకు వద్దు. వేడి తగిలితే ఫాదర్ లైన్ అయిపోతాది" అన్నాడు.

ఆ మాట విని పదేళ్ళు దాటింది.

"యాడ నేర్చుకున్నావప్పా ఆ మాట?"

"నేర్చుకునేదేముండాది సార్? రాయి పనిలో అందరూ అట్లే అంటారు. ఇంగ్లీషు మాటే కదా, మీకు తెల్వదా?"

మదనపల్లెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. తెలుసు అని తల ఊపి ఇవతలికి వచ్చేశాను. ఆ మాట పుట్టించిన మనిషి పోయాడన్న సంగతి నాకు చేరేసరికే ఆర్నెల్లు అయింది. పరామర్శకు వెళ్ళలేదు. వెళ్ళి ఆయన మనుషుల మొహాలు చూసే ధైర్యం లేకపోయింది. ఎందుకు లేకపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనకు పేరుంది. హాజరు పుస్తకంలో రోజూ నా చేత్తోనే రాసేవాణ్ణి. కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. ఓనరుకు మేస్త్రి, పనివాళ్ళకు మేస్త్రన్న. నేనూ మేస్త్రి అనే అంటాను.

తొంభైల మధ్యలో, ఎమ్మే ఇంగ్లీషు పాసై, మదనపల్లెలో రెండేళ్ళు ఖాళీగా తిరిగి తిరిగి, చివరికి కుప్పం దగ్గర ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసులో చేరాను. విదేశాలకు ఉత్తరాలు, ఫ్యాక్సులు రాయాలి, కొనడానికి వచ్చేవాళ్ళతో మాట్లాడాలి. ఓనరు నన్ను తీసుకున్నదే అందుకు. చేరిన మూడో రోజునే ఇటలీ నుంచి ఒకాయన రాళ్ళు చూసుకోవడానికి వచ్చాడు. నేను తెల్లచొక్కా వేసుకుని, రాత్రంతా తయారు చేసుకున్న స్వాగత వాక్యాలు ఒకటి తరవాత ఒకటి వప్పచెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. విని, నా భుజం మీదుగా క్వారీ లోపలికి చూస్తూ "మాయెస్ట్రో?" అన్నాడు.

మెట్లు దిగి వస్తున్నాడు మేస్త్రి. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో చిన్న సుత్తి. ఇటలీ ఆయన ఎదురు వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చూసినారా సార్, ఆయనకు తెలుగు వస్తాది. మేస్త్రీ అంటాడు నన్ను" అని మేస్త్రి నాతో గర్వంగా చెప్పాడు. వాళ్ళ భాషలో గురువుగారిని అలా పిలుస్తారని నేను చెప్పబోయి, ఎందుకో ఊరుకున్నాను. ఆ తరవాత కూడా అలాగే ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇద్దరూ రాయి దగ్గరికి నడిచారు. లారీకి ఒక్కటే పట్టేంత రాయి. మేస్త్రి ఎడమ చెయ్యి రాయి మీద ఆనించి, గేదెను నిమిరినట్టు ఒకసారి నిమిరి, బకెట్టు నీళ్ళు పోశాడు. కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఎండలో ఇటలీ ఆయనా, ఓనరూ, నేనూ నోరు మూసుకుని నిలబడ్డాం. తడి ఆరింది. చెయ్యి దిగింది.

"మై స్టోన్, దిస్ సైడ్ బేబీ లైన్. దిస్ సైడ్ గుడ్. దిస్ సైడ్ యాంగ్రీ. యూ కట్, హీ జంప్. నో టేక్."

ఇటలీ ఆయన తల ఊపాడు. "బేబీ లైన్ ఓకే. యాంగ్రీ నో" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం అయిపోయింది.

సన్న చీలిక బేబీ లైను. ఆ చీలిక రాయిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతే ఫాదర్ లైను. లోపల బిగువు ఉండి, కోసేటప్పుడు చిట్లిపోయే రాయి యాంగ్రీ. ఇంకా కొండనుంచి విడదీయని పెద్దరాయి మదర్. ఆపు అనడానికి బాస్తా. అది ఇటలీ ఆయన ఇచ్చిపోయిన మాట. ఎవరు పుస్తకంలో రాశారు ఇవన్నీ? ఎవరూ రాయలేదు. మూడో తరగతి తెలుగులో చదివి మానేసిన ఒక రాతిపనివాడూ, తన దేశంలో ఇంగ్లీషు సరిగా నేర్చుకోని ఒక వ్యాపారీ ఎండలో నిలబడి, వేళ్ళు చూపించుకుంటూ, ఒకరికొకరు అందించుకున్న మాటలు. తరవాత జపాను వాళ్ళు వస్తే వాళ్ళకూ ఇవే నేర్పాడు. వాళ్ళు తమవి రెండు కలిపి పోయారు.

తన సరుకులో లోపం ముందు తానే చెప్పేవాడు. ఓనరుకు అది మంటగా ఉండేది. "ఏమప్పా, వాండ్లు కనుక్కోక ముందే నువ్వే చెప్పేస్తావేమి?" అంటే, "రాయి దాచుకోదప్పా, నేను దాస్తే యాడ దాగుతాది?" అనేవాడు. ఆయన చెప్పింది తప్పని ఒక్క రాయీ వెనక్కి రాలేదు కాబట్టి ఓనరు కూడా గమ్మునుండేవాడు.

ఇంకో విచిత్రం ఉంది. ఆయనకు కూర్చుంటే ఇంగ్లీషు రాదు. నిలబడాలి, పక్కన రాయి ఉండాలి, చెయ్యి దాని మీద ఉండాలి. ఒకసారి ఇటలీ ఆయన ఆఫీసు గదిలో కుర్చీ వేయించి కాఫీ ఇప్పించి ఏదో అడిగితే, మేస్త్రి చెమటలు పట్టి ఒక్క మాట కూడా పలకలేకపోయాడు. ఇద్దరూ లేచి బయటికి వెళ్ళి ఒక బండ పక్కన నిలబడ్డాక మళ్ళీ ధారగా మాట్లాడుకున్నారు.

"రాయి లేకుంటే ఇంగ్లీషు యాడ నుంచి వస్తాది సార్?" అని నన్నే అడిగాడు.

నా ఇంగ్లీషు గురించి ఆయన అభిప్రాయం ఆ వారంలోనే తెలిసింది. "మీది మదనపల్లె ఇంగ్లీషు సార్. వినేదానికి శానా బాగుండాది. అయితే ఈడ పనికి రాదు. ఇటలీ ఇంగ్లీషు వేరే, జపాను ఇంగ్లీషు వేరే, మన క్వారీ ఇంగ్లీషు వేరే."

నాకు ఒళ్ళు మండింది. "మదనపల్లె ఇంగ్లీషు ఏంది మేస్త్రీ? నేను చదివింది అచ్చమైన ఇంగ్లండు ఇంగ్లీషు" అన్నాను.

ఆయన ఎగతాళి ఏమీ లేకుండానే అన్నాడు: "ఇంగ్లండోళ్ళు ఇంతవరకు ఎవురూ రాలేదు కద సార్ ఈడికి."

క్వారీలో పనివాళ్ళు మూడు రకాలు. క్రిష్ణగిరి వైపు నుంచి వచ్చిన తమిళులు, కోలారు వైపు కన్నడం వాళ్ళు, మన తెలుగువాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వారం ఒకరి మాట ఒకరికి సరిగా తెలియదు. మేస్త్రి ఇంగ్లీషు మాత్రం వారంలో అందరికీ వచ్చేసేది. అన్నం దగ్గర కూడా అదే. "ఈ పొద్దు ఓనరు యాంగ్రీ" అంటే ముగ్గురికీ తెలిసేది. తమిళం ఆయన చంటిపాపకు జ్వరమొస్తే "బేబీ యాంగ్రీ" అన్నాడని, కన్నడం ఆయన తన మాత్రలు తెచ్చి ఇచ్చాడు. నాకు నవ్వొచ్చేది, కొంచెం చిన్నతనంగానూ ఉండేది. నేను అయిదేళ్ళు చదివిన భాషను వీళ్ళు ఇలా లుంగీ మడిచినట్టు మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుని తిరుగుతున్నారేమిటి అనిపించేది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన కేక ఒకటుంది. దాని గురించి తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

కొండ గోడ నుంచి విడదీసిన రాయిని గొలుసులు తగిలించి క్రేన్‌తో లేపుతారు. లేచిన రాయి ఒక్కోసారి గొలుసులో జారి గిర్రున తిరుగుతుంది. అప్పుడు మనిషన్నవాడు ఏం చేస్తాడు? ఖాళీ ఎటు ఉంటే అటు పరుగెత్తుతాడు. క్వారీలో ఖాళీ వెలుపలి వైపు. తిరిగిన రాయి కూడా వెలుపలి వైపుకే వచ్చి పడుతుంది. బతకాలంటే మనసుకు ఎదురు తిరిగి కొండ గోడ వైపుకు, అంటే ఇరుకులోకి, పరుగెత్తాలి. ఆలోచించుకునే సమయం ఉండదు. అందుకని రాయి లేచినంతసేపూ మేస్త్రి ఎత్తుమీద నిలబడి గొలుసు మీదే కళ్ళు పెట్టి చూస్తుండేవాడు. గొలుసు రవ్వంత పక్కకు జరిగిందా, "గో మదర్!" అని ఒక్క కేక, మదర్ ఉన్న గోడ వైపుకు పొమ్మని. ఆ కేక వింటే తమిళమా కన్నడమా తెలుగా అని లేదు, చేతిలోది ఎక్కడిదక్కడ పారేసి అందరూ గోడకు అంటుకుపోయేవాళ్ళు.

నేను చేరిన రెండో నెలలో నా కళ్ళతో చూశాను. కేక పడింది. నలుగురు గోడకు చేరారు. రాయి వెలుపలికి విసురుగా తిరిగి, వాళ్ళు అంతకుముందు నిలబడిన చోట పడింది. దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఎవరో తమిళంలో బూతు తిట్టారు, ఇంకెవరో నవ్వారు. మేస్త్రి దిగివచ్చి నలుగురి తలలూ ఒక్కొక్కటిగా తాకి లెక్కపెట్టుకుని, మళ్ళీ ఎక్కి నిలబడ్డాడు.

ఇంత చూసినవాణ్ణి, నేను చేసిన పని చూడండి.

నా భయం ఏమిటంటే, నా ఉద్యోగం. వచ్చిన కొనుగోలుదారులందరూ మేస్త్రినే పిలుస్తున్నారు. ఇటలీ ఆయన ఫ్యాక్సులో కూడా "బేబీ లైన్" అని రాస్తున్నాడు. అది తప్పనుకుని, మీరు చెప్పింది సన్నని పగులు గురించేనా అని రెండు పేరాల మర్యాదైన జవాబు నేను పంపితే, "ఆస్క్ మాయెస్ట్రో" అని రెండు మాటల్లో తిరిగివచ్చింది. ఓనరు ఆ కాగితం చూసి నావైపు చూసిన చూపు నాకు నిద్ర పట్టనివ్వలేదు. నేనెందుకు ఇక్కడ? ఈ మాట ఓనరు అడగకముందే నేను ఏదో ఒకటి చెయ్యాలి.

అప్పుడు కలిసొచ్చినట్టుగా, లండన్ నుంచి ఒక పెద్ద కంపెనీ మనుషులు వస్తున్నారని కబురు వచ్చింది. ఓనరు కంగారు పడ్డాడు. నేను వెంటనే అందుకున్నాను. వాళ్ళు అసలైన ఇంగ్లీషువాళ్ళు సార్, మన మేస్త్రి మాటలు వింటే నవ్వుతారు, పరువు పోతుంది, నెల రోజులు నాకు అప్పగించండి, దిద్దుతాను అన్నాను. ఓనరు మేస్త్రిని పిలిచి నా ముందే చెప్పాడు: "ఏమప్పా మేస్త్రీ, ఇంక సార్ చెప్పినట్ల మాట్లాడు. నీ ఇంగ్లీషు కట్టిపెట్టు."

మేస్త్రి మొహం నాకు బాగా గుర్తుంది. బాధపడలేదు. భయపడ్డాడు. "నేను మాట్లాడేది తప్పా సార్?" అని నన్ను అడిగాడు.

"కొంచెం" అన్నాను.

"ఎంత మటుకు తప్పు?"

"చాలా మటుకు."

ఆ మాట అన్నందుకు ఆ పూట నాకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పను, కలిగింది.

రోజూ పొద్దున పని మొదలుకాక ముందు అరగంట పాఠం. కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి. కూర్చుంటే మాట రాదని ఎంత మొత్తుకున్నా, అలవాటు చేసుకోవాలి మేస్త్రీ అని మందలించేవాణ్ణి. బాస్తా ఇంగ్లీషు కాదు. బేబీ లైన్ అనకూడదు. రాయికి కోపం రాదు, కాబట్టి యాంగ్రీ అనకూడదు. రాయి మదర్ ఎట్లవుతుంది మేస్త్రీ, వాళ్ళు పడీపడీ నవ్వుతారు అని చెప్పి నేనే నవ్వాను. అసలు మాటలను తెలుగు అక్షరాల్లో చీటీ మీద రాసిచ్చేవాణ్ణి. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, రోజంతా తీసి చూసుకుంటూ పెదాలు కదుపుకునేవాడు. చదివేది పెద్దగా రాదు కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. నన్ను దూరం నుంచి చూసినా జేబు తడుముకునేవాడు.

పది రోజులకు ఆయనలో ఒక మార్పు వచ్చింది. మాట్లాడే ముందు ఆగుతున్నాడు.

ముందు నాకు అది మంచి లక్షణంగానే తోచింది. ఆలోచించి మాట్లాడుతున్నాడు, పాఠం తలకెక్కుతోంది అనుకున్నాను. తరవాత గమనించాను, ఆ ఆగడం నాతోనే కాదు. పనివాళ్ళతో కూడా. రాయి మీద నీళ్ళు పోసి, ఆరాక, చెయ్యి దించి, నోరు తెరిచి, మూసి, అటూ ఇటూ చూసి, అప్పుడు ఏదో ఒకటి చిన్నగా అనేవాడు. నేను దగ్గర్లో ఉంటే మరీనూ. ఆ కేక వేసే గొంతు ఎంత పెద్దదో విన్నవాణ్ణి. ఇప్పుడు పక్కన ఉన్నవాడికి కూడా వినపడడం లేదు.

ఒక మధ్యాహ్నం మునెప్ప నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోలారు వైపు మనిషి, గొలుసులు తగిలించే పని అతనిది. అంటే రాయికి అందరికంటే దగ్గర ఉండేవాడు.

"సార్, ఒక మాట."

"చెప్పప్పా."

"మేస్త్రన్న కేక లేటుగా వస్తాండాది సార్. మొన్న బాస్తా అనేదానికి ఇంత సేపు పట్టె. ఏదో వెతుక్కుంటాండాడు. మాకు భయంగా ఉండాది."

"కొత్త కదప్పా, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది" అన్నాను.

"కేక మాత్రం పాతదే ఉండనీండి సార్. మీకు దండం పెడతాను."

సరే, మేస్త్రితో మాట్లాడతాను అన్నాను. నిజంగానే మాట్లాడాలనుకున్నాను. సాయంత్రం వెళ్ళాను కూడా. ఆయన చీటీ పట్టుకుని ఒంటరిగా ఒక బండ ముందు నిలబడి, బండకు నా మాటలు వప్పచెబుతున్నాడు. నన్ను చూసి, బడిలో పిల్లవాడిలా చేతులు కట్టుకుని, మొత్తం ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. చెప్పి, బాగుందా సార్ అన్నట్టు చూశాడు. ఆ సంతోషం మీద నీళ్ళు పొయ్యబుద్ధి కాలేదు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజం అది కాదు. లండన్ వాళ్ళు రావడానికి ఇంక అయిదు రోజులే ఉంది, నా గెలుపు పాడైపోతుందని భయం. బాగుంది మేస్త్రీ అని వచ్చేశాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పెద్దరాయి లేపారు. నేను ఎత్తుమీదే ఉన్నాను, మేస్త్రికి నాలుగడుగుల దూరంలో. లేకపోయినా బాగుండేదేమో. కింద మునెప్పా, ఇంకో ఇద్దరూ ఉన్నారు. రాయి మనిషెత్తు లేచింది. ఎడమపక్క గొలుసు జరిగింది. నాకే కనిపించిందంటే, ఆయనకు ముందే కనిపించి ఉంటుంది.

మేస్త్రి నోరు తెరిచాడు.

మాట రాలేదు. ఆయన కళ్ళు నావైపు తిరిగాయి. ఎంతసేపు? ఊపిరి ఒకసారి పీల్చినంతసేపు కూడా కాదు. ఆ చూపులో ఉన్నది నాకు అక్షరం అక్షరం అర్థమైంది, ఎందుకంటే రోజూ పొద్దున కుర్చీలో కూర్చుని అదే చూపు చూసేవాడు. చెయ్యి జేబు మీదికి పోతోంది. కింద ముగ్గురూ తలలెత్తి ఆయన మొహమే చూస్తున్నారు, కేక కోసం. గోడ పక్కన ఉన్న ఇద్దరూ ఎలాగో గోడకు చేరారు. మునెప్ప వెలుపలికి అడుగు వేశాడు.

అప్పుడు మేస్త్రి దూకాడు. ఆ వయసులో, ఆ ఎత్తు నుంచి. మునెప్పను భుజంతో గుద్ది గోడ వైపుకు తోసేశాడు. రాయి తిరిగి, మూల ఒకటి నేలను తాకింది. ఆ మూల కింద ఆయన కుడిపాదం ఉంది.

మునెప్పకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. క్రేన్ నడిపే తమిళాయన దిగివచ్చి నేల మీద కూలబడి ఏడ్చాడు. అందరూ గొలుసుదే తప్పన్నారు. ఓనరు కూడా గొలుసుదే అన్నాడు. నేను ఏమీ అనలేదు. జీపులో మేస్త్రి తల నా ఒళ్ళో పెట్టుకుని కుప్పం దాకా తీసుకువెళ్ళాను. దారంతా ఆయన మూలగలేదు. మునెప్ప ఉండాడా అని మాత్రం రెండు తూర్లు అడిగాడు.

పాదం తీసేశారు. నాలుగో రోజు లండన్ వాళ్ళు వచ్చారు. నేను చక్కగా మాట్లాడాను. వాళ్ళకు నా ప్రతి మాటా అర్థమైంది, వాళ్ళది నాకు సగమే అర్థమైంది. రాళ్ళు తీసుకున్నారు. ఓనరు అందరి ముందూ నా వీపు తట్టాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను, అంతా చెప్పేసి క్షమించమని అడగాలని. ఏం చెప్పాలో దారి పొడుగునా మనసులో తిప్పుకున్నాను.

మేస్త్రి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"రాండి సార్. లండనోళ్ళు వచ్చిరా? నవ్వినారా?"

"లేదు మేస్త్రీ. నవ్వలేదు."

"మంచిదిలెండి. మన పరువు నిలబడె."

నేను నోరు తెరవబోయేలోపలే ఆయన పక్కకు వంగి, గోడకు తగిలించిన చొక్కాలోంచి చీటీ తీశాడు. చెమటకు తడిసి తడిసి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి.

"సార్, దీంట్లో అది లేదు. ఆ పొద్దు శానా వెతికినాను. రాయి తిరుగుతాంది, మనోళ్ళు కొండ పక్కకు ఉరకాల. దానికి కరెక్టు ఇంగ్లీషు ఏంది సార్? నేను లేకున్నా ఇంకో మేస్త్రి వస్తాడు కద. ఆయప్పకైనా నేర్పిస్తాను. కాలు పోతే పోయె. ఇంకో తూరి మాట పోగూడదు."

నేను వెతికాను. దేవుడి తోడు, ఆ మంచం పక్కన నిలబడి నా చదువంతా వెతికాను. దొరికిన ప్రతి వాక్యమూ పూర్తయ్యేలోపల రాయి పడిపోతోంది.

"గో మదర్ అనే అనాల మేస్త్రీ. అదే కరెక్టు. మీరు అనేదే కరెక్టు" అన్నాను.

ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి తట్టాడు.

"మీరు మంచోళ్ళు సార్. కాలు పోయినోడు బాధ పడతాడని అట్ల చెప్తాండారు. పర్వాలేదు. నిజమైంది రాసియ్యండి."

"ఒట్టు మేస్త్రీ. ఇదే నిజమైంది. నేను చెప్పిందే తప్పు."

"సదువుకున్నోళ్ళు, మీరు తప్పెట్ల చెప్తారు సార్?" అని నవ్వాడు. నవ్వి, చీటీ వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు నా ముందుకు చాచాడు. నా జేబులో ఉన్న పెన్ను వైపు చూపించాడు.

నేను రాయలేదు. ఆయన చీటీ పట్టుకున్న చెయ్యి దించలేదు.